పొయ్యి మారినంత మాత్రాన గడ్డ మారదు

మన ఇంట్లో ఉన్నంతకాలం ఒక వస్తువుకు మనమే విలువ ఇవ్వం. అదే వస్తువు పొలిమేర దాటి వెళ్ళి, వేషం మార్చుకొని, పరాయి పేరు తగిలించుకొని తిరిగి వస్తే హారతి పళ్ళెంతో ఎదురు వెళ్తాం. కొర్రలకూ, సజ్జలకూ, రాగులకూ ఈ రాజయోగం పట్టడం కళ్ళారా చూశాం. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపేనాటికి, ఒకప్పుడు వరి అన్నానికి గతిలేక తిన్న తిండి అద్దాల అంగళ్ళలో రంగురంగుల సంచుల్లో కొలువుదీరింది. ఇప్పుడు వంతు గెనుసుగడ్డది.

నగరాల ఫలహారశాలల్లో "బేక్‌డ్ స్వీట్ పొటాటో ఫ్రైస్" అని ఒక వంటకం దొరుకుతోంది. వేలెడు పొడవు ముక్కలు, వాటి మీద ఎర్రగా కారం, పక్కన చిన్న గిన్నెలో మయొనీస్. ఇళ్ళలో చేసుకునేవారూ ఎక్కువయ్యారు. ఈ వంటకం మీద నాకే ఫిర్యాదూ లేదు. శ్రద్ధగా చేస్తే బాగుంటుంది. చేయడం కష్టమూ కాదు. ఎలా చేయాలో కూడా ఇక్కడే చెబుతాను. నా పేచీ దాన్ని తినే తీరుతో కాదు, దాన్ని గురించి మాట్లాడే తీరుతో.

ఒక వర్గం వారు దీన్ని పడమటి దేశాల నుంచి దిగివచ్చిన కొత్త రుచిగా, పైగా ఒక ఔషధంగా నెత్తిన పెట్టుకుంటున్నారు. ఇంకో వర్గం వారు "గెనుసుగడ్డను ఉప్పేసి ఉడకబెట్టుకోక, దానికిన్ని సోకులా!" అని మూతి విరుస్తున్నారు. మొదటివారు గడ్డ పేరు మరిచిపోయారు. రెండోవారు గడ్డ చరిత్ర మరిచిపోయారు. యర్రగొండపాలెం లాంటి ఊళ్ళో నిలబడి చూస్తే ఇద్దరి పొరపాటూ స్పష్టంగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

ముందుగా పేరు సంగతి.

యర్రగొండపాలెం నల్లమల అంచున, మాచర్ల నుంచి మార్కాపురం వెళ్ళే దారిలో ఉంటుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో భాగం. జిల్లా మారినా నాలుక మారలేదు. మా వైపు ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ. నేలలో ఊరేదంతా మాకు గడ్డే. కోస్తా జిల్లాలవారు చిలగడదుంప అనేదాన్ని మేము గెనుసుగడ్డ అంటాం. తెలంగాణలో కొన్నిచోట్ల కందగడ్డ అనీ, మోరంగడ్డ అనీ, రత్నపురిగడ్డ అనీ అంటారు. కన్నడిగులది గెణసు, మా మాటకు అది తోబుట్టువు. ఒక్క గడ్డకు ఇన్ని పేర్లుండటం అది ఇన్ని ఇళ్ళలో కాపురం చేసిందనడానికి సాక్ష్యం. ఈ పేర్లన్నీ ఇప్పుడు "స్వీట్ పొటాటో" అనే ఒక్క మాట ముందు తలవంచుకొని పక్కకు తప్పుకుంటున్నాయి.

అందులోని తమాషా చూడండి. పొటాటో అనే మాట పుట్టుకతో ఈ గడ్డదే. కరీబియన్ దీవుల తైనో జాతివారు దీన్ని బటాటా అనేవారు. స్పానిష్ వారి నోట పడి, ఇంగ్లీషులోకి వెళ్ళిన ఆ మాటకు 16వ శతాబ్దంలో మొదటి అర్థం గెనుసుగడ్డే. తరువాత ఆండీస్ కొండల నుంచి మరో గడ్డ వచ్చి ఆ పేరును లాక్కుంది. అసలు యజమాని తన పేరుకు ముందు "తీపి" అనే తోక తగిలించుకొని బతకవలసి వచ్చింది. వృక్షశాస్త్రం ప్రకారం ఈ రెండింటికీ చుట్టరికమే లేదు. ఉర్లగడ్డ వంకాయకూ, టమాటాకూ బంధువు. గెనుసుగడ్డ మన చెరువుల్లో పెరిగే తూటికూరకు దగ్గరి చుట్టం. రెండింటిదీ ఐపోమియా అనే ఒకే ప్రజాతి. గెనుసు పువ్వునూ తూటి పువ్వునూ పక్కపక్కన పెట్టి చూస్తే పసిపిల్లలైనా ఈ బంధుత్వం చెప్పగలరు.

అమెరికాలో దీనికి మరో పేరు గొడవ ఉంది. 1930లలో లూసియానా రాష్ట్రపు రైతులు తమ నారింజరంగు గడ్డను మిగతావాటి నుంచి వేరుచేసి అమ్ముకోవడానికి "యామ్" అని పిలవడం మొదలుపెట్టారు. అసలు యామ్ అంటే మన పెండలం జాతి. ఈనాటికీ అక్కడి తెలుగువారు అంగడిలో యామ్ అని రాసి ఉన్నది కొని తెచ్చుకుంటే ఇంట్లో తేలేది గెనుసుగడ్డే. అమ్మకం కోసం పేరు మార్చడమనే విద్య కొత్తది కాదన్నమాట.

ఇక "ఇన్ని సోకులా" అనేవారి సంగతి. వారి మాటలో ఒక నమ్మకం దాగి ఉంది. గెనుసుగడ్డ అనాదిగా మనదనీ, దాన్ని ఉడకబెట్టి తినడమే సంప్రదాయమనీ, తక్కినదంతా పరాయి అనుకరణ అనీ. ఇది నిలవదు. గెనుసుగడ్డ జన్మస్థానం అమెరికా ఖండం. పోర్చుగీసు వారి ఓడలు మన తీరానికి వచ్చిన తరువాతే అది మనకు తెలిసింది. మిరపకాయ కూడా అలా వచ్చిందే. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న త్రిపురాంతకంలో కాకతీయులు శాసనాలు వేయించిన నాటికి ఈ నేల మీద మిరపతోటా లేదు, గెనుసు తీగా లేదు. కారం కావాలంటే మిరియం, గడ్డ కావాలంటే అడవి. నల్లమల చెంచులు గునపపు కర్రలతో అడవి గడ్డలు తవ్వుకొని తినే తీరును హైమెన్‌డార్ఫ్ 1943లో అచ్చయిన తన గ్రంథంలో వివరంగా నమోదు చేశాడు. గడ్డ తినడం ఈ సీమకు పాతదే. గెనుసుగడ్డ మాత్రం చుట్టంగా వచ్చింది.

ఆ చుట్టం ఎంతటి చనువు సంపాదించిందో చూడండి. శివరాత్రి వస్తోందంటే బజారులో గెనుసుగడ్డల రాశులు పోస్తారు. దోర్నాల మీదుగా కొండదారిన శ్రీశైలం నడిచే భక్తులున్న ఈ ప్రాంతంలో ఉపవాసం నాటి సాయంత్రం ఉడికించిన గెనుసుగడ్డ లేని ఇల్లు అరుదు. అన్నం పనికిరాని రోజున, సముద్రాలు దాటి వచ్చిన ఒక గడ్డ పనికివచ్చింది. ఏ శాస్త్రమూ దానికి ఆ అర్హత ముందుగా రాసిపెట్టలేదు. ఆకలి తీర్చే గుణాన్నీ, నేలలో పెరిగే వినయాన్నీ చూసి మన అవ్వలే దానికి ఆ అధికారం ఇచ్చారు. ఏ వస్తువైనా మనదయ్యే పద్ధతి ఇదే. పుట్టుకతో కాదు, వాడుకతో. కనుక గెనుసుగడ్డను ముక్కలుగా కోసి కారం పట్టించి ఓవెన్లో పెట్టడం సంప్రదాయానికి ద్రోహమేమీ కాదు. ఆ పాత పరిచయంలో మరో అధ్యాయం.

నిజానికి ఓవెన్ కూడా ఈ గడ్డకు కొత్త కాదు. కట్టెల పొయ్యిలు ఉన్న కాలంలో వంట ముగిశాక నివురు గప్పిన నిప్పుల్లో రెండు గడ్డలు దూర్చి పెట్టేవారు. పాలు కాగే దాలిలోనూ పెట్టేవారు. గంటకో, గంటన్నరకో తీసి, బూడిద దులిపి, నల్లబడిన తోలు ఒలిస్తే లోపల తేనె పట్టినట్టుండేది. ఆ తీపికి కారణం ఉంది. గెనుసుగడ్డలో పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మార్చే ఎంజైము ఒకటి ఉంటుంది. సుమారు 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య అది చురుకుగా పనిచేస్తుంది. గడ్డ ఆ వేడిలో ఎంత ఎక్కువసేపు ఉంటే అంత తీపి. దాలి సెగ నెమ్మది గనుక గడ్డ లోపలి భాగం ఆ మెట్టు మీద చాలాసేపు నిలుస్తుంది. మైక్రోవేవ్‌లో నాలుగు నిమిషాల్లో ఉడికించినది చప్పగా ఉండటానికి కారణమూ ఇదే. జపానువారు వేడి గులకరాళ్ళ మధ్య గడ్డలను నింపాదిగా కాల్చి వీధుల్లో అమ్ముతారు. మన దాలి, వారి రాళ్ళు, ఈనాటి ఓవెన్, మూడూ ఒకే పని చేస్తాయి. సన్నటి ముక్కలు త్వరగా వేడెక్కుతాయి గనుక దాలి గడ్డంత తీపి వాటికి రాదు. దానికి బదులు అంచుల కరకర, మసాలా పట్టు దొరుకుతాయి. ఏది గొప్ప అని పోటీ పెట్టనక్కరలేదు. రెండూ వేరు వేరు రుచులు.

ఇప్పుడు చేసే విధానం.

అరకిలో గెనుసుగడ్డలు తీసుకోండి. మన బజారులో ఎక్కువగా దొరికేది ఎర్రతోలు, లోపల తెలుపు ఉన్న రకం. దానిలో నీరు తక్కువ, పిండి ఎక్కువ. నారింజరంగు రకం కన్నా ఇదే కరకరలాడుతుంది. కనుక దొరకనిదాని కోసం బెంగపడవద్దు. గడ్డలను ఫ్రిజ్‌లో దాచవద్దు. చలికి లోపల గట్టిపడి, ఎంత ఉడికినా మెత్తబడని బిరుసు వస్తుంది. గాలి తగిలే గంపలో ఉంచితే చాలు. మట్టి పోయేలా కడిగి, తోలు లేతగా ఉంటే ఉంచి, లేకపోతే చెక్కి, చిటికెన వేలంత మందంలో నిలువు ముక్కలు కోయండి. మందం అన్నింటికీ ఒకేలా ఉండటం ముఖ్యం. లేకపోతే సన్నవి మాడేసరికి లావువి పచ్చిగా ఉంటాయి. ఈ గడ్డ ఉర్లగడ్డ కన్నా గట్టిది. కత్తిపీట మీద కోసేవారు వేళ్ళు జాగ్రత్త.

ముక్కలను అరగంట చన్నీళ్ళలో నానబెట్టండి. పైన అంటుకున్న పిండి నీళ్ళలోకి దిగుతుంది. తరువాత పాత పంచె గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా ఆరనివ్వండి. చాలామంది ఓపిక పట్టని మెట్టు ఇదే, చాలామంది ముక్కలు మెత్తబడిపోయేదీ ఇందుకే. తడి ఉన్నంతసేపు ఓవెన్ సెగ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఈలోగా గడ్డలోని చక్కెర మాత్రం నల్లబడటం మొదలుపెడుతుంది. ఆరిన ముక్కలకు రెండు పెద్ద చెంచాల వేరుశనగ నూనె, ఒక పెద్ద చెంచా బియ్యప్పిండి, అర చిన్న చెంచా చొప్పున వేయించిన జీలకర్ర పొడి, ధనియాల పొడి, చిటికెడు పసుపు పట్టించండి. బియ్యప్పిండి పైపొరగా ఏర్పడి కరకరకు ఆధారమవుతుంది. ఉప్పు, కారం ఇప్పుడు వేయవద్దు. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. కారం ఆ వేడికి మాడి చేదెక్కుతుంది, ఇల్లంతా ఘాటు నిండుతుంది.

ఓవెన్ను 220 డిగ్రీలకు ముందుగానే వేడిచేసి, పళ్ళెంలో ముక్కలు ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసగా పరచండి. కుప్పగా పోస్తే అవి కాలవు, ఒకదాని ఆవిరికి ఒకటి ఉడుకుతాయి. అరకిలో ముక్కలకు రెండు వాయిలు పట్టవచ్చు, పట్టనివ్వండి. పావుగంట తరువాత ఒకసారి తిరగేసి, మళ్ళీ పది పన్నెండు నిమిషాలు ఉంచండి. అంచులు గోధుమరంగు తిరగగానే ఆపివేసి, తలుపు కొద్దిగా తెరిచి అయిదు నిమిషాలు అలాగే వదలండి. నల్లగా మాడనివ్వవద్దు. పిండిపదార్థాలున్న తిండి 120 డిగ్రీలు దాటిన వేడిలో ఎర్రబడేటప్పుడు ఆక్రిలమైడ్ అనే అవాంఛనీయ పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. రంగు ముదిరే కొద్దీ అది పెరుగుతుంది. బయటికి తీసి, వేడిగా ఉండగానే ఉప్పు, మిరపకారం చల్లి, నాలుగు రెబ్బల కరివేపాకు నూనెలో వేయించి నలిపి కలపండి. గొడ్డుకారం ఉంటే అదే చాలు. ఇంక ఏ మసాలా అక్కరలేదు. పైన సగం నిమ్మచెక్క పిండుకుంటే తీపికి, కారానికి మధ్య మంచి సంధి కుదురుతుంది.

ఓవెన్ లేనివారికి కూడా దారి ఉంది. అడుగు మందమైన గిన్నెలో రెండంగుళాల మేర శుభ్రమైన ఇసుక పోసి, దాని మీద ఒక స్టాండు, స్టాండు మీద ముక్కల పళ్ళెం పెట్టి మూత వేయండి. పళ్ళెం పెట్టకముందే ఇసుకను పావుగంట వేడెక్కనివ్వాలి. ముక్కలకు ముప్పావుగంట పడుతుంది. చివరి పది నిమిషాలు మూత ఓరగా తీసి ఆవిరి పోనివ్వాలి. ఓవెన్లు రాకముందు ఇళ్ళలో కేకులు ఇలాగే చేసేవారు. కరకర కొంచెం తగ్గుతుంది. పెనం మీద ఒక్కసారి అటూ ఇటూ తిప్పితే ఆ లోటూ తీరుతుంది. ఓవెన్ ఉన్నవారికి కరెంటు భయం అక్కరలేదు. 1500 వాట్ల చిన్న ఓవెన్ ముప్పావుగంట ఆగకుండా మండినా ఖర్చయ్యేది ఒక యూనిట్‌కు కాస్త పైన.

వంట అయింది. ఇప్పుడు "ఆరోగ్యం" అనే రెండో మాట గురించి.

"ఇది బేక్ చేసింది, నూనెలో వేయించింది కాదు, షుగర్ ఉన్నవాళ్ళు కూడా హాయిగా తినొచ్చు" అనే మాట ఇంటింటా వినిపిస్తోంది. నాకు నిజంగా భయం కలిగించేది ఈ మాట. జమైకాలో పది రకాల గెనుసుగడ్డల మీద చేసిన ఒక పరిశోధన 2011లో అచ్చయింది. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచికను అందులో కొలిచారు. శుద్ధ గ్లూకోజుకు 100 అనుకుంటే, ఉడికించిన గడ్డలకు 41 నుంచి 50 వచ్చింది. నూనెలో వేయించినవాటికి 63 నుంచి 77. బేక్ చేసినవాటికి 82 నుంచి 94! అందరూ భయపడే వేపుడు కన్నా, అందరూ మెచ్చుకునే కాల్పుడే చక్కెరను త్వరగా పెంచింది. ఆ గడ్డలు మన గడ్డలు కావు, అంకెలు అటూ ఇటూ కావచ్చు. ఆ పది రకాల్లో వరుస మాత్రం మారలేదు. శివరాత్రికి ఉడకబెట్టి పెట్టే మన అవ్వల పద్ధతి ఈ లెక్కలో అన్నింటికన్నా మేలైనదిగా తేలింది.

అలాగే "విటమిన్ ఎ పుష్కలం" అన్న ప్రచారం. అది నారింజరంగు గడ్డకు చెందిన కీర్తి. ఆ రంగే బీటా కెరోటిన్. మన ఒంట్లో విటమిన్ ఎ అయ్యేది అదే. మన బజారు తెల్ల గడ్డలో అది నామమాత్రం. ఆఫ్రికాలో పిల్లల చూపును, ప్రాణాలను హరించే విటమిన్ ఎ లోపాన్ని ఎదుర్కోవడానికి నారింజరంగు గడ్డలను పెంచి, ప్రచారం చేసిన మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. హోవర్త్ బౌయిస్ వారితో ఆ గౌరవాన్ని పంచుకున్నాడు. మన దేశంలోనూ తిరువనంతపురంలోని కేంద్రీయ దుంప పంటల పరిశోధనా సంస్థ "భూ సోనా" అనే నారింజరంగు రకాన్ని విడుదల చేసింది. అలాంటి గడ్డ దొరికితే తప్పక కొనండి. తెల్ల గడ్డకు మాత్రం దానికి లేని గొప్పలు అంటగట్టవద్దు. పీచు ఉంది, కడుపు నిండుతుంది, రుచిగా ఉంటుంది. తిండికి ఇంతకన్నా ప్రశంసాపత్రం ఎందుకు? అరకిలో గడ్డకూ రెండు చెంచాల నూనెకూ కలిపి దాదాపు 670 కెలోరీలు. నలుగురు పంచుకుంటే సాయంకాలపు ఫలహారం, ఒక్కరే తింటే భోజనం. అంతే లెక్క.

ఇక ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. ఈ మధ్య ఒక బంధువుల ఇంట్లో, హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చిన మనవడు ఈ ముక్కల పళ్ళెం తెచ్చి తన అవ్వ ముందు పెట్టాడు. "అవ్వా, వీటిని స్వీట్ పొటాటో ఫ్రైస్ అంటారు. నీకు తెలీదులే, తిని చూడు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకొని నిదానంగా నమిలింది. "గెనుసుగడ్డేగా నాయనా! కారం బాగానే పట్టింది. మేం దాలిలో పెట్టుకొనేవాళ్ళం, ఇంకా తీపుగా ఉండేది" అంది. "నువ్వు కూడా తినేదానివా?" అని వాడు ఆశ్చర్యపోయాడు. "తినడమేంది, కొన్నాళ్ళు దాంతోనే గదా బతికింది" అని ఆమె నవ్వింది.

ఆ "నీకు తెలీదులే" అన్న మాటలో వాడి తప్పేమీ లేదు. వాడికి ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఎందుకంటే గెనుసుగడ్డ మన పెద్దవారికి లేమి జ్ఞాపకం. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో, నీళ్ళు చాలని నేలల్లో, తీగ ముక్క గుచ్చితే నాలుగు నెలల్లో ఏదో ఒకటి చేతికందించే పంట ఇది. అన్నం లేని పూట గడ్డలు ఉడకేసుకొని పడుకున్నామన్న సంగతి పిల్లలకు చెప్పడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? చేతిలో డబ్బు ఆడగానే గడ్డను శివరాత్రికి పరిమితం చేసి, మిగతా రోజుల్లో పిల్లలకు ప్యాకెట్ చిప్స్ కొనిపెట్టారు. అందులో గర్వం ఉంది, ఊరట ఉంది, నేను తప్పుపట్టను.

అయితే లేమిని మరో విధంగా గుర్తుపెట్టుకున్న జాతులూ ఉన్నాయి. 1732 నాటి ఘోరమైన కరువు తరువాత జపానులో ఆఓకి కొన్యో అనే పండితుడు గెనుసుగడ్డ సాగు మీద పుస్తకం రాసి, ఎదో నగరంలో దాన్ని పండించి చూపి, తూర్పు ప్రాంతాలకు వ్యాపింపజేశాడు. ఆయన్ని ఆ దేశస్థులు ఇప్పటికీ "గెనుసుగడ్డ గురువు" అని గౌరవంగా పిలుస్తారు. కరువు తిండి వారి చరిత్ర పుస్తకాలకెక్కింది. మన దగ్గర కరువు తిండి నిశ్శబ్దంలోకి వెళ్ళింది. ఆ నిశ్శబ్దంలోకే ఒక పరాయి పేరు తాపీగా వచ్చి కూర్చుంది. పేరు మారగానే గడ్డతో పాటు దాన్ని పండించిన చేతులూ, దాలిలో దూర్చిన చేతులూ మాయమవుతాయి. డెబ్బై ఏళ్ళుగా ఆ గడ్డను ఎరిగిన మనిషి, దాని గురించి ఏమీ తెలియని మనిషి అయి కూర్చుంటుంది. నా బాధ ఇదీ.

అందుకని ఈ వంటకానికి మన పేరు ఒకటి ఉండాలంటాను. అనువాదానికి పూనుకుంటే చిక్కే. "బేక్‌డ్ ఫ్రైస్" అన్న ఇంగ్లీషు మాటే ఒక అబద్ధం, వేయించకుండానే వేపుడు! "గెనుసుగడ్డ కాల్పులు" అందామంటే పోలీసులు గుర్తొస్తారు. "గెనుసుగడ్డ కారంముక్కలు" అనడం నాకు సబబుగా తోస్తుంది. చిలగడదుంప అనే అలవాటున్నవారు "చిలగడదుంప కారంముక్కలు" అనుకోవచ్చు; కందగడ్డ అనేవారు అలాగే అనుకోవచ్చు. ఒకే పేరు అందరి మీదా రుద్దాలన్న పట్టుదల నాకు లేదు. ఎవరి ఇంటి పేరు వారు ఉంచుకుంటే చాలు. వంటల పుస్తకాలు అచ్చువేసేవారూ, ఫలహారశాలల పట్టికలు రాయించేవారూ ఈ ఒక్క సాయం చేస్తే, మార్కాపురం పలక మీద "గ" దిద్దుకున్న తరానికి తమ గడ్డ ఎక్కడికీ పోలేదన్న ధైర్యం కలుగుతుంది.

ఒక ఆదివారం సాయంత్రం అరకిలో గడ్డలు తెచ్చి కారంముక్కలు చేసి చూడండి. వాటితో పాటు రెండు గడ్డలు కోయకుండా విడిగా ఉడకబెట్టండి. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవారికీ, పళ్ళు లేని అవ్వలకూ అవే నయం. అవి కూడా కొద్దిగానే. రెండు పళ్ళేలూ మధ్యలో పెట్టుకొని కూర్చోండి. ఈ గడ్డ సంగతి ముందు పెద్దవారిని చెప్పనివ్వండి. వారు మాట్లాడటం మొదలుపెడితే ఏ ఏడాది వానలు పడలేదో, ఎవరి పొలంలో తవ్వుకొచ్చారో, ఎన్ని పూటలు గడిచాయో అన్నీ వస్తాయి. పొయ్యి ఏదైనా పెట్టుకోండి, మసాలా మీ ఇష్టం. పిల్లలు "ఏమిటిది?" అని అడిగినప్పుడు మాత్రం గెనుసుగడ్డ అని చెప్పండి.